నాలుగు గోతులు

ఆ వీధిలో ఆమెను అందరూ కొలతలమ్మ అనేవారు. కలప డిపో యజమానికి ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే దుంగల మీదికెక్కి, టేపు లాగి, ఏది ఎంత పొడవో ఏది ఎంత లావో గుమాస్తా కంటే ముందే తేల్చి చెప్పేది. పెద్దయ్యాక ఆర్కిటెక్టు అయింది. ఇంజనీరును పెళ్ళి చేసుకుంది. డిపోకి రెండు వీధుల అవతల ఒక మేడ మీద ఇద్దరూ కలిసి ఆఫీసు పెట్టుకున్నారు. ఎదురెదురు బల్లలు. ఆమె గీసేది, అది నిలబడేలా అతను లెక్కలు కట్టేవాడు. నలుగురిలో ఉన్నప్పుడు అతన్ని "మీరు" అనేది, ఇద్దరే ఉంటే "నువ్వు". "మర్యాదంతా బయటివాళ్ళకి చూపించడానికేనా?" అని అతను ఏడిపించేవాడు.

డిపో పక్కనే మసీదు. ఎప్పుడో ఆ వీధిలో ఇళ్ళు కట్టిన వడ్రంగులే దాన్నీ కట్టారు. పెంకుల కప్పు, కర్ర స్తంభాలు, ముందు అరుగు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు అదెవరి ఇల్లో అనుకుని అద్దెకిస్తారా అని అడిగిన సందర్భాలూ ఉన్నాయి. ఇప్పుడది చెదలు పట్టి వంగిపోయింది. వాన పడితే నమాజుకి వచ్చినవాళ్ళు తడవని చోటు వెతుక్కుంటూ వంకరటింకరగా నిలబడాల్సి వచ్చేది. ఒక శుక్రవారం పై నుంచి వాసం ముక్క విరిగి ఇమాముగారి ముందే పడింది. దెబ్బ ఎవరికీ తగల్లేదు కానీ, ఇక లాభం లేదు, కొత్తది కట్టాల్సిందేనని ఆ రోజే అనుకున్నారు.

మసీదు వ్యవహారాలన్నీ చూసేది ముతవల్లి. ఆయన స్వయానా ఇంజనీరుకి పెదనాన్న. తండ్రి చిన్నప్పుడే పోతే కడుపులో పెట్టుకుని పెంచి, చదివించి, పెళ్ళి చేసినవాడు. కొత్త మసీదు కట్టాలని ఆయనకూ ఆశే. కాకపోతే చోటు చాలదు.

కలప డిపో ఆయన ఒక సాయంత్రం వియ్యంకుడైన ముతవల్లి నడిపే తాళాల కొట్టుకి వెళ్ళి కూర్చున్నాడు. "బావగారూ, డిపో పక్కన వీధివైపున్న స్థలం నేనిస్తాను. దుంగలు పడేసుకోవడానికి తప్ప నాకెందుకది? ఒక్కటే కోరిక. మా అమ్మాయి గీయాలి. కర్రతో కట్టాలి."

ముతవల్లి గల్లా పెట్టె దాటుకుని వచ్చి ఆయన్ని కావలించుకున్నాడు. "ఇంట్లో కోడలుపిల్లని పెట్టుకుని బయటివాళ్ళనెందుకు పిలుస్తాం బావగారూ!"

గీత మొదలుపెట్టే ముందు ఆమె వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. అటకలెక్కింది. వానలో గొడుగేసుకుని నిలబడి ఏ కప్పు మీది నీళ్ళు ఎటు పోతున్నాయో చూసింది. ఆ ఊళ్ళో వాన ఏటవాలుగా కొడుతుంది. అందుకే చూరులు కిందికంటా దిగి ఉంటాయి. ఎండాకాలంలో గదుల్లోని వేడి పైకెక్కి పెంకుల సందుల్లోంచి జారిపోతుంది. "ఇవన్నీ మన ముందువాళ్ళు తడిసి, చెమటలు కక్కి నేర్చుకున్నవి. మనం మళ్ళీ మొదటి నుంచీ తడవాలా?" అనేది భర్తతో.

చిక్కల్లా దిక్కు దగ్గర వచ్చింది. ఇళ్ళన్నీ వీధి వెంట బారుగా ఉన్నాయి. నమాజుకి నిలబడే దిక్కేమో ఐమూలగా పడుతుంది. పాత మసీదు గోడలు వీధి వెంటే ఉండేవి, చాపలు మాత్రం ఐమూలగా పరిచేవారు, మూలలన్నీ వృథాగా పోయేవి. ఆ ముడి విప్పడానికి ఆమె చాలా కాగితాలు చింపింది. చివరికి హాలును దిక్కుకి తిప్పి, బయటి గోడను వీధి వెంటే ఉంచింది. రెండింటికీ మధ్య ముక్కోణంగా మిగిలిన చోట వీధివైపు పొడవాటి అరుగు గీసింది. దారినపోయే ఎవరైనా ఎండకో వానకో దాని మీద కాసేపు కూర్చోవచ్చు. లోపల వాకిలి, వాకిట్లో కాళ్ళూ చేతులూ కడుక్కునే తొట్టి, కప్పు మీది వాననీళ్ళు వచ్చి చేరేది అందులోకే. హాలు మీద అంచెలంచెలుగా పెంకుల కప్పులు, అంచెకీ అంచెకీ మధ్య గాలాడే సందు. ఆ కప్పు కిందే ఒక పక్క ఆడవాళ్ళకి చోటు. ఇదంతా కలిపి సన్నని కర్ర స్తంభాల వరుసల మీద నిలబడుతుంది.

ఇంజనీరు పెన్సిలు చెవిలో దోపుకుని ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. "ఇది నువ్వు గీసినట్టు లేదు. ఈ వీధే నీ చేత గీయించుకున్నట్టుంది" అన్నాడు.

ఆమెకి అంతకు మించిన మెప్పు అక్కర్లేకపోయింది.

అట్టముక్కలతో, అగ్గిపుల్లలతో నమూనా చేసి మసీదుకి పట్టుకెళ్ళింది. నమాజు అయ్యాక అందరూ చుట్టూ మూగారు. ఒకరు చూరు ముట్టుకుని చూశారు, ఒకరు వంగి లోపలికి తొంగి చూశారు. బట్టల కొట్టాయన మాత్రం గడ్డం నిమురుకుంటూ నిలబడ్డాడు.

"అంతా బాగుందమ్మా. మరి గుమ్మటమేది? దూరం నుంచి చూస్తే మసీదని ఎలా తెలుస్తుంది?"

"మన మసీదు ఎక్కడుందో తెలియనివాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారా బాబాయ్?" అంది. నవ్వారు. "గుమ్మటం తప్పని కాదు. కర్ర దొరకనిచోట ఇటుకతో కప్పు వేయాలంటే గుండ్రంగా తిప్పక తప్పదు. వాళ్ళకి చేతనైనట్టు వాళ్ళు కట్టుకున్నారు. అక్కడ అది అందం. మనకి చేతనైంది ఇది. మనం మన చేతుల్తో కట్టుకుంటే అదీ మసీదే కదా?"

ఇమాముగారు మెల్లగా తలూపాడు. ముతవల్లి ముందుకొచ్చి నమూనా పక్కన కూర్చున్నాడు. "మన ఊరి మాటలో కట్టిన మసీదు. ఇక వేరే మాట లేదు. ఇదే కడదాం" అన్నాడు. కలప డిపో ఆయన భుజం మీది తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. ఆ తర్వాతి వారమే స్థలం మసీదు పేరున రాసిచ్చేశాడు.

అక్కడి నుంచి తండ్రీకూతుళ్ళకి ఒకటే పని. స్తంభాలకి పనికొచ్చే దుంగలు ఏరడం, తడి ఆరిందో లేదో తట్టి చూడడం, వంకరున్నవి పక్కకి తోయించడం. ఆయన ప్రతి దుంగనీ పెళ్ళికొడుకుని చూసినట్టు చూసేవాడు. "దీనికి ముడులెక్కువ, మనకొద్దు తల్లీ" అనేవాడు. సైటు సంగతులు అల్లుడు చూసుకుంటున్నాడు. ఆమె అడిగినప్పుడల్లా, "ఇంకా చదును చేయిస్తున్నాను. బురదగా ఉంది, ఇప్పుడే రాకు" అనేవాడు.

ఒక మధ్యాహ్నం తొట్టి ఎక్కడ రావాలో ఒకసారి నేల మీద చూసుకుందామని ఆమె చెప్పకుండా వెళ్ళింది. బురదేమీ లేదు. చుట్టూ, డిపోవైపు కూడా, ఏమీ కనపడకుండా ఎత్తుగా రేకులు కట్టి ఉన్నాయి. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

నాలుగు గోతులు తవ్వి ఉన్నాయి. ఒక్కొక్కటి మనిషి దిగితే తల కనపడనంత లోతు, అడ్డంగా ఒక గదంత వెడల్పు. అడుగున ఇనుప చువ్వలు అల్లి సిద్ధంగా ఉంచారు. వీధివైపు రెండు చివరలా గుండ్రంగా మరో రెండు గుంటలకి ముగ్గు పోసి ఉంది.

ఆమె గీసిన స్తంభాలకి గోతులే అక్కర్లేదు. రాతి దిమ్మల మీద కూర్చుంటాయవి. వరుసలు వరుసలుగా ఉండాలి. నాలుగే గోతులు, అంత లోతు, అంత ఇనుము అంటే పైన రాబోయేది పెంకులు కాదు. ఇంకెవరైనా అయితే అవి ఉట్టి గోతులు. ఆమెకు మాత్రం ఇంకా పుట్టని భవనమంతా అక్కడే కనిపించింది. మధ్యలో పెద్ద గుమ్మటం. ముగ్గు పోసిన చోట రెండు మినార్లు.

మేస్త్రీ పరుగున వచ్చాడు. "అమ్మా, మీరొస్తారని సారు చెప్పలేదే!"

"ఈ కొలతలెవరిచ్చారు?"

"సారే కదమ్మా..." అని ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. చేతిలోని తాపీని చొక్కాకి తుడుచుకున్నాడు. "మీకు తెలుసనుకున్నాం" అన్నాడు.

ఆమె ఆఫీసు మెట్లెక్కేసరికి అతను బల్ల దగ్గరే ఉన్నాడు. ఆమె తన కుర్చీలో కూర్చుంది.

"గోతులు చూసొచ్చాను."

అతని ముఖం పాలిపోయింది. అయినా నోరు మాత్రం పాత దారినే పోయింది. "నేల మెత్తగా ఉంది. అందుకని పునాది కాస్త..."

"అబద్ధం చెప్పాలంటే ఇంకేదైనా చెప్పు, ఆ నేల గురించి చెప్పకు. నేను ఆడుకుని పెరిగిన నేల అది."

అతను పెన్సిలు కింద పెట్టాడు. కిటికీలోంచి కింద రిక్షావాళ్ళ అరుపులు వినిపిస్తున్నాయి.

"పెదనాన్న ఒప్పుకోలేదు. మొదటి నుంచీ ఆయన మనసులో గుమ్మటమే ఉంది. నేను కాదనలేకపోయాను. ఆయన నన్నెలా పెంచాడో నీకు తెలియంది కాదు. కట్టడం మొదలయ్యాక నీకు నెమ్మదిగా నచ్చచెప్పొచ్చులే అనుకున్నాను."

"మొదటి నుంచీనా?"

అతను బల్ల మీది కాగితాలు సర్దసాగాడు.

"ఒక్కటి చెప్పు చాలు. నాన్న స్థలం రాసివ్వకముందే నీకు తెలుసా, తర్వాత తెలిసిందా?"

అతను కిటికీ వైపు తిరిగాడు. అదే జవాబు. ఆమె అతని బల్ల వైపు చూసింది. ఆ బల్ల తన బల్లకి మూరెడు దూరంలో ఉంటుంది. తను చూరుల వంపు సరిచేసుకుంటూ, "ఇది చూడు, ఇలా అయితే బావుంటుందా?" అని అడిగినప్పుడల్లా అతను తలెత్తి, "బావుంది" అని, మళ్ళీ తలొంచుకుని గుమ్మటానికి లెక్కలు కట్టుకున్నాడన్నమాట. ఏ కాగితం మీద ఏ కాగితం కప్పి ఉంచాడో!

"నువ్వు బాధపడతావని చెప్పలేదు" అన్నాడు చివరికి.

"రిజిస్ట్రారు ఆఫీసులో నాన్న పక్కన నిలబడి సాక్షి సంతకం పెట్టింది మీరే" అంది.

గదిలో మూడో మనిషి లేడు. ఆ "మీరు" విని అతను తల దించుకున్నాడు.

ఆమె నేరుగా తాళాల కొట్టుకి వెళ్ళింది. ముతవల్లి ఎవరికో తాళంచెవి అరగదీసి ఇస్తున్నాడు. ఆమెను చూడగానే విషయం అర్థమైంది కాబోలు, బేరాన్ని పంపించేసి స్టూలు జరిపాడు.

"కూర్చో అమ్మాయ్."

"నిలబడతాను పెద్దమామయ్యా. నా బొమ్మని ఎరగా వేశారా?"

"ఎంత మాటన్నావు!"

"మరేమనాలి?"

ఆయన చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. "చూడమ్మా. నీ బొమ్మ మంచిదే. కాదనను. కానీ నేను పుట్టినప్పటి నుంచీ ఇల్లో, గోదామో తెలియనిదాంట్లో నమాజు చేశాను. బస్సులో పోతుంటే ఏ ఊరి మసీదైనా అల్లంత దూరం నుంచే కనిపిస్తుంది. మన ఊరు వచ్చేసరికి నా పక్కన కూర్చున్నవాడు అడిగేవాడు, మీకు మసీదు లేదా అని. చచ్చేలోగా ఒక్కసారి బస్సు దిగకుండానే మన మసీదు చూడాలని నా కోరిక. నా ఒక్కడిదే కాదు, సగం మందిది."

ఆమెకి అది అబద్ధమనిపించలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

"ఈ మాట ఆ రోజు అందరి ముందూ ఎందుకనలేదు? వాదించేదాన్ని. ఓడిపోయేదాన్నేమో. అడిగి ఉంటే గుమ్మటం కూడా గీసేదాన్ని. ఎలా గీయాలో నాకు తెలియకనా?"

"మీ నాన్న ఇచ్చేవాడా? కర్ర అంటేనే ఇస్తానన్నాడు."

"ఇవ్వకపోతే ఇవ్వడు. అది ఆయనిష్టం. ఆయనిష్టాన్ని నా బొమ్మతో దొంగిలించారు మీరు."

ముతవల్లి చూపు తిప్పుకుని, గోడకి వేలాడుతున్న తాళంచెవుల వైపు చూస్తూ కూర్చున్నాడు. "దేవుడి పని. నా కోసం ఒక్క పైసా వాడుకోలేదు" అన్నాడు.

బయటికి వస్తుంటే ఇమాముగారు ఎదురయ్యాడు. "నీకు చెప్పారనుకున్నానమ్మా" అన్నాడు, ఆమె అడక్కుండానే. బట్టల కొట్టాయన ఆమెను చూసి గబగబా లోపలికి వెళ్ళి తానులు సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజు గుమ్మటమేదని అందరి ముందూ అడిగిన మనిషి ఆయనొక్కడే. వీధిలో నడుస్తుంటే ఆమెకి ఒక్కొక్క గుమ్మమూ కొత్తగా కనిపించింది. ఏ ఇంటివాళ్ళకి తెలుసు, ఏ ఇంటివాళ్ళకి తెలియదు? తను వచ్చి అటకెక్కి కొలతలు తీసుకుంటుంటే కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నవాళ్ళలో ఎవరు లోలోపల జాలిపడ్డారు?

డిపోలో రంపం ఆడుతోంది. తండ్రి చెవుల్లో దూది పెట్టుకుని పలకల మధ్య నిలబడి ఉన్నాడు. కూతుర్ని చూసి రంపం ఆపమని సైగ చేశాడు. ఆమె చెప్పింది. గోతుల సంగతి, గుమ్మటం సంగతి. ఆయన అంతా విన్నాడు.

"అల్లుడికి తెలుసా?" అని అడిగాడు.

ఆమె నోరు తెరిచి ఆగిపోయింది. తెలియదు అనడం ఎంత తేలికో ఆ క్షణంలో అర్థమైంది. ఈ ముసలాయన ముఖం ఇంకాస్త వాడిపోకుండా ఉంటుంది. బాధపడతావని చెప్పలేదు అన్న మాట ఎక్కడి నుంచి వస్తుందో చేత్తో తడిమినట్టు తెలిసింది.

"తెలుసు నాన్నా. మొదటి నుంచీ."

ఆయన చెవుల్లోని దూది తీసి జేబులో వేసుకున్నాడు. ఏరి పక్కన పెట్టిన దుంగల దగ్గరికి వెళ్ళి ఒకదాని మీద కూర్చున్నాడు. "వెనక్కి అడుగుదామా నాన్నా? లాయరుతో మాట్లాడతాను" అందామె.

"వద్దు తల్లీ. నేనిచ్చింది బావగారికి కాదు. పైవాడికి. ఆయన దగ్గర లాక్కుంటానా?" చేత్తో దుంగని నిమిరి మళ్ళీ అన్నాడు. "దుంగలు మాత్రం ఇవ్వలేదుగా ఇంకా. పడవలు చేసేవాళ్ళు అడుగుతున్నారు. పట్టుకెళ్ళమంటాను."

పట్టుకెళ్ళారు. లారీ కదిలేటప్పుడు ఆయన లోపలికి వెళ్ళి కూర్చున్నాడు, చూడలేదు.

ఆమె తన బల్లని డిపోకి తెప్పించుకుంది. ఎత్తుతుంటే కూలీలు "ఎందుకమ్మా, అక్కడ దుమ్ము కదా" అన్నారు. "దుమ్ము నాకు అలవాటే" అంది. ఇంటికి మాత్రం వెళ్ళేది. వండేది. అతను తినేవాడు. మాట్లాడాల్సినవి మాట్లాడుకునేవారు. గ్యాసు అయిపోయింది, కరెంటు మనిషి వచ్చాడు, మీ చొక్కా ఇస్త్రీకి వేశాను. అతను మొదట్లో చాలాసార్లు క్షమించమన్నాడు. "పెదనాన్న మాట తోసేయలేకపోయాను, నా చేతులు కట్టేసినట్టయింది" అనేవాడు. ఆమె వినేది. వినీ వినీ ఒక దశలో నమ్మింది కూడా. మెతక మనిషి, పెంచినవాడికి ఎదురు చెప్పలేకపోయాడు, అంతే అనుకుంది. అలా అనుకుంటే కొంచెం ఊపిరాడేది.

మసీదు పూర్తయింది. ప్రారంభానికి ఆమె వెళ్ళలేదు. తండ్రి వెళ్ళాడు, శుభ్రమైన బట్టలు కట్టుకుని, అందరితోపాటు వరుసలో నిలబడి నమాజు చేసి వచ్చాడు. "ఎలా ఉంది?" అని ఆమె అడగలేదు. ఆయనా చెప్పలేదు.

కొన్నాళ్ళకి ఒక ఉదయం, ఎవరూ ఉండని వేళ చూసి, ఆమె లోపలికి వెళ్ళింది. తప్పులు వెతుకుదామనే వెళ్ళింది. గుమ్మటం మొదలైన చోట పగుళ్ళుంటాయి, వంపు ఎక్కడో గతుకు పడి ఉంటుంది, తొందరగా చేసిన పని దాగదు అనుకుంది. హాలు నడిమధ్య నిలబడి తలెత్తింది.

ఎక్కడా గతుకు లేదు. నాలుగు స్తంభాల నుంచి నాలుగు కమానులు లేచి, ఎక్కడ కలుస్తున్నాయో తెలియకుండా కలిసి, గుండ్రంగా మూసుకున్నాయి. గుమ్మటం మొదలైన చోట చుట్టూ సన్నని కిటికీల వరుస. వాటిలోంచి ఎండ పడి, గుమ్మటం గోడ మీద ఆనకుండా తేలుతున్నట్టు ఉంది. ఆ కిటికీల మధ్య ఎడం ఒక్కచోట కూడా తేడా రాలేదు. అడుగున నిలబడి చూసేవాడికి ఎలా కనిపిస్తుందో ఆలోచించి, మళ్ళీ ఆలోచించి, వంపుని కొంచెం కొంచెం సరిచేసుకుంటూ పోయిన చెయ్యి అది. ఆ చెయ్యి ఆమెకి తెలుసు. ఇష్టమైన పని దొరికినప్పుడు ఈల వేసుకుంటూ, టీ చల్లారిపోయినా పట్టించుకోకుండా చేస్తాడు. చేతులు కట్టేసినవాడు ఇలా కట్టలేడు.

మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. బయటికొచ్చి చెప్పులు వేసుకుంది. బడికి పోయే పిల్లలు గేటు దగ్గర నిలబడి మినారు చివర కూర్చున్న పావురాన్ని వేలితో చూపించుకుంటున్నారు.

ఆఫీసు మెట్లెక్కింది. బల్ల తీసేసిన చోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయి. అతను ఆత్రంగా లేచి నిలబడ్డాడు.

"మసీదు చూసొచ్చాను" అంది.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఇంజనీరు కదా, ఎంత వద్దనుకున్నా కళ్ళలో ఆ ప్రశ్న దాగలేదు. ఎలా ఉంది?

"చాలా బాగా కట్టారు. ఒక్క తప్పు లేదు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఇష్టపడే చేశారు కదూ?"

అతను ఏదో చెప్పబోయాడు. పెదనాన్న పేరు పెదవుల దాకా వచ్చి ఆగింది. కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు.

"అవును" అన్నాడు. "ఎప్పటి నుంచో అలాంటిదొకటి కట్టాలని ఉండేది. నువ్వు నవ్వుతావని..."

ఆమె తలూపింది. ఇన్నాళ్ళూ అతను చెప్పినవాటన్నిటిలో నిజం ఇదొక్కటే. అది కూడా అడిగితే గానీ రాలేదు.

డిపో వైపు నుంచి లారీ హారను వినిపించింది. డిపోకి కొత్త సరుకు వచ్చింది. తండ్రి ఒక్కడే దింపించుకోలేడు. ఆమె సంచీ భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది.